శిక్షణ గడువు ముగిసినా చికిత్స ఆగరాదు
ఫిజియోథెరపీ విద్యార్థుల క్లినికల్ శిక్షణ: నియమాలు, బాధ్యతలు

(ప్రత్యేక వ్యాసం)

పక్షవాతం సోకిన వ్యక్తి ప్రాణాపాయం నుండి బయటపడటం వైద్యంలో తొలి మెట్టు మాత్రమే. ఆ వ్యక్తి తనంతట తాను మంచం మీద లేచి కూర్చోవటం, నిలబడటం, అన్నం కలుపుకొని తినగలగటం ఆ తరువాతి మెట్లు. విరిగిన కాలికి కట్టు విప్పిన తరువాత బిగుసుకుపోయిన మోకాలిని తిరిగి వంగేలా చేయటం, మెదడు దెబ్బతిన్న చిన్నారికి మెడ నిలపటం నేర్పటం, శస్త్రచికిత్స జరిగిన రోగి చేత గుండె నిండా గాలి పీల్పించటం వంటి పనులన్నీ ఫిజియోథెరపీ పరిధిలోనివే. మాత్ర మింగినట్లు ఒక పూటలో ముగిసే వైద్యం కాదిది. వారాల తరబడి, కొన్ని సందర్భాలలో నెలల తరబడి, ప్రతి దినం చేయించవలసిన వైద్యం.

కర్నూలు జిల్లా పశ్చిమ ప్రాంతంలోని ఆదోని, ఎమ్మిగనూరు పట్టణాలకు, వాటి చుట్టుపక్కల గ్రామాలకు ఈ విషయం ప్రత్యేకించి వర్తిస్తుంది. 1956లో ప్రారంభమైన కర్నూలు వైద్య కళాశాల, దాని బోధనాసుపత్రి అయిన ప్రభుత్వ సర్వజన వైద్యశాల ఈ ప్రాంతవాసులకు పెద్ద దిక్కు. అయితే ఆదోని నుండి కర్నూలుకు సుమారు 100 కిలోమీటర్ల దూరం ఉంది. శస్త్రచికిత్స కొరకు ఒకసారి వెళ్లి రావచ్చును గాని, అరగంట వ్యాయామం కొరకు ఆ రోజు కూలి పోగొట్టుకొని, మరొక మనిషిని తోడు తీసుకొని, దినం తప్పించి దినం అంత దూరం ప్రయాణించటం సామాన్య కుటుంబానికి సాధ్యపడదు. స్థానికంగా లభించే చికిత్స, ఇంటి వద్ద కుటుంబ సభ్యులు చేయించే వ్యాయామం, ఈ రెండే అటువంటి రోగికి ఆధారం.

ఇటువంటి ప్రాంతంలోని ఆసుపత్రికి శిక్షణ నిమిత్తం వచ్చే ఫిజియోథెరపీ విద్యార్థి పాటించవలసిన నియమాలు ఏమిటి, అవి ఎందుకు ఏర్పడ్డాయి, వాటిలో అన్నిటికంటె ముఖ్యమైనది ఏది అనే అంశాలను వివరించటం ఈ వ్యాసం ఉద్దేశం.

చదువు స్వరూపం, చట్టం నిర్దేశం

మన దేశంలో ఫిజియోథెరపీ విద్యకు పోలియో వ్యాధి ఒక ప్రధాన కారణమైంది. ముంబాయి నగరంలో 1950వ దశకం ఆరంభంలో పోలియో ప్రబలిన నేపథ్యంలో, అక్కడి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో 1953లో ఫిజియోథెరపీ పాఠశాల ప్రారంభమైంది. 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహిత దేశంగా ధృవీకరణ పొందింది. నాటి విద్యార్థులు ఎక్కువగా పోలియో సోకిన పిల్లలను చూడగా, నేటి విద్యార్థులు పక్షవాతం, మోకాళ్ల అరుగుదల, నడుము నొప్పి, రోడ్డు ప్రమాదాల గాయాలు, సెరిబ్రల్ పాల్సీతో బాధపడే రోగులను ఎక్కువగా చూస్తున్నారు.

మన రాష్ట్రంలో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో ఫిజియోథెరపీ పట్టభద్ర కోర్సు నాలుగు సంవత్సరాల చదువు, ఆ తరువాత ఆరు నెలల తప్పనిసరి ఇంటర్న్‌షిప్‌తో నడుస్తూ వచ్చింది. 2021లో పార్లమెంటు ఆమోదించిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఈ వృత్తికి దేశవ్యాప్తంగా ఒక చట్టబద్ధమైన రూపం కల్పించింది. ఆరోగ్య సంరక్షణ వృత్తి నిపుణునిగా గుర్తింపు పొందటానికి కనీసం 3,600 గంటల విద్య, శిక్షణ అవసరమని ఆ చట్టం నిర్దేశిస్తోంది. కమిషన్ 2025లో వెలువరించిన నూతన పాఠ్య ప్రణాళికలో ఒక సంవత్సరం ఇంటర్న్‌షిప్‌తో కలిపి కోర్సు మొత్తం వ్యవధి ఐదు సంవత్సరాలు. అనగా ఆసుపత్రిలో నేర్చుకునే కాలం పెరిగినదని గమనించాలి.

ఫిజియోథెరపిస్టు స్వతంత్రంగా గాని, వైద్య బృందంలో భాగంగా గాని వృత్తిని నిర్వహించవచ్చునని 2021 చట్టం పేర్కొన్నది. ఈ అధికారం పట్టా పొంది, రిజిస్టరులో పేరు నమోదు చేయించుకున్న వారికే గాని విద్యార్థికి వర్తించదు. శిక్షణలో ఉన్నంత కాలం విద్యార్థి చేసే ప్రతి చికిత్సా శిక్షకుని పర్యవేక్షణలోనే జరగాలి. మిగిలిన నియమాలన్నిటికీ ఇదే పునాది.

ఆదోని, ఎమ్మిగనూరు: పనిని బట్టి నొప్పి

రోగి చేసే పని ఏమిటో తెలియనిదే అతని నొప్పికి కారణం తెలియదు. ఆదోని పత్తి వ్యాపారానికి పేరెన్నికగన్న పట్టణం. ఇక్కడి వ్యవసాయ మార్కెట్ యార్డుకు పత్తితో పాటు వేరుశనగ, ఆముదం కూడా వస్తాయి. బస్తాలు మోసే హమాలీలకు నడుము, మెడ, భుజాల నొప్పులు తరచుగా కలుగుతాయి. "బరువులు ఎత్తవద్దు" అని హమాలీకి చెప్పటం సులభం. అయితే ఆ మాట అతని జీవనోపాధిని మానుకోమనటంతో సమానం. బరువును శరీరానికి దగ్గరగా ఉంచుకొని మోకాళ్లు వంచి ఎత్తటం, బరువుతో నడుమును మెలిపెట్టకుండా పాదాలు తిప్పి తిరగటం, ఇద్దరు కలిసి ఎత్తటం వంటి పద్ధతులు చేసి చూపటమే అతనికి పనికివచ్చే సలహా.

ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప కృషితో 1938లో ఏర్పడిన ఎమ్మిగనూరు చేనేత కారుల సహకార సంఘం రాష్ట్ర సహకార చరిత్రలో చెప్పుకోదగినది. గుంట మగ్గం వద్ద నేత కార్మికుడు గుంట అంచున కూర్చొని, ముందుకు వంగి, కాళ్లతో తొక్కుతూ, చేతితో నాడెను నడుపుతూ గంటల తరబడి ఒకే భంగిమలో ఉంటాడు. నడుము, మెడ, భుజం, మోకాళ్లు దీనివలన దెబ్బతింటాయి. మగ్గాన్ని కళ్లారా చూసిన విద్యార్థి, కూర్చునే ఎత్తు ఎంత ఉండాలో, ఎంత సేపటికి ఒకసారి లేచి నడవాలో ఆ కార్మికునికి తగినట్లు చెప్పగలడు. చూడని విద్యార్థి పుస్తకంలోని కుర్చీ గురించి చెబుతాడు.

భాష విషయం కూడా ఇక్కడ ముఖ్యమైనది. 1953 వరకు ఆదోని ప్రాంతం బళ్లారి జిల్లాలో భాగంగా ఉండేది. నేటికీ ఈ ప్రాంతంలో తెలుగుతో పాటు కన్నడం, ఉర్దూ మాట్లాడే కుటుంబాలు ఉన్నాయి. "నోవు" అన్నా, "దర్ద్" అన్నా నొప్పేనని విద్యార్థి గ్రహించాలి. తెలుగులో సైతం పోటు, సలుపు, తీపు, మంట, తిమ్మిరి అనే మాటలు ఒకటి కావు. కాళ్లు తీపులని చెప్పేవారికి కండరాల అలసట కావచ్చు. మంట, తిమ్మిరి అని చెప్పేవారికి నరం ఒత్తిడి గాని, మధుమేహం వలన నరాల దెబ్బ గాని కావచ్చు. రోగి చెప్పిన మాటను విద్యార్థి తన రికార్డులో ఉన్నదున్నట్లు వ్రాసుకోవాలి. అన్నిటికీ "నొప్పి" అని ఒకే మాట వ్రాసినచో సగం సమాచారం పోయినట్లే.

విద్యార్థి పాటించవలసిన సాధారణ నియమాలు

శిక్షణా కాలంలో విద్యార్థి నుండి ఆశించే ప్రవర్తన ఈ విధంగా ఉండాలి.

1. నిర్ణీత సమయానికి హాజరు కావాలి. గుర్తింపు కార్డు, ఏప్రాన్ ధరించాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. చేతికి ఉంగరాలు, గాజులు వంటివి రోగి చర్మానికి తగిలే అవకాశమున్నందున చికిత్స వేళ తీసివేయాలి.

2. రోగికి తన పేరు చెప్పి, తాను విద్యార్థినని స్పష్టంగా తెలియజేయాలి. ఏమి చేయబోతున్నదీ రోగికి అర్థమయ్యే భాషలో వివరించి, అంగీకారం పొందిన తరువాతనే చేయి వేయాలి. రోగి వద్దన్నచో గౌరవించి శిక్షకునికి తెలపాలి.

3. మహిళా రోగుల విషయంలో మహిళా విద్యార్థిని లేదా కుటుంబ సభ్యురాలు సమక్షంలో ఉండేటట్లు చూడాలి. పరీక్షకు అవసరమైనంత మేరకే వస్త్రం తొలగించి, మిగిలిన భాగాన్ని కప్పి ఉంచాలి. ఘోషా పాటించే కుటుంబాల విషయంలో తెర, విడి గది వంటి ఏర్పాటు ముందుగానే జరగాలి.

4. ప్రతి రోగికి ముందు, తరువాత చేతులు శుభ్రపరచుకోవాలి. 2016 నాటి జీవ వైద్య వ్యర్థాల నిర్వహణ నిబంధనలను అనుసరించి వ్యర్థాలను పసుపు, ఎరుపు, తెలుపు, నీలం రంగుల సంచులు, డబ్బాలలో వేరు చేసి వేయాలి.

5. రోగి వివరాలు గోప్యంగా ఉంచాలి. నడక తీరును చిత్రీకరించవలసి వచ్చినచో వ్రాతపూర్వక అంగీకారం, శిక్షకుని అనుమతి రెండూ ఉండాలి. సొంత సెల్‌ఫోనులో రోగుల ఫోటోలు ఉంచుకోవటం, ఇతరులకు పంపటం తగదు.

6. రోగి నుండి డబ్బు, కానుకలు స్వీకరించరాదు. ఆసుపత్రికి వచ్చిన రోగిని సొంతంగా ఇంటి వద్ద చికిత్సకు రప్పించుకోరాదు.

7. పొరపాటు జరిగినచో, రోగి జారిపడినా, చర్మం కందినా, తక్షణం శిక్షకునికి చెప్పాలి. దాచిన పొరపాటు రోగికి రెండవ గాయమవుతుంది.

తెలియక చేసే హాని

ఫిజియోథెరపీలో మందులు లేవు గనుక హాని లేదనే అభిప్రాయం కొందరిలో ఉన్నది. ఇది సరికాదు. మధుమేహం వలన పాదాలలో స్పర్శ తగ్గిన రోగికి వేడి కాపడం పెట్టినచో, కాలుతున్నా తెలియక బొబ్బలెక్కి పుండు పడే ప్రమాదమున్నది. కావున కాపడానికి ముందు వేడి, చల్లదనం గుర్తించగలుగుతున్నారో లేదో పరీక్షించటం తప్పనిసరి. గుండెకు పేస్‌మేకర్ అమర్చిన వారికి షార్ట్‌వేవ్ డయాథెర్మీ వాడరాదు. పక్షవాతం వచ్చిన చేతిని పట్టి లాగి రోగిని లేపినచో భుజం కీలు జారుతుంది. శస్త్రచికిత్స అనంతరం పిక్క వాచి నొప్పిగా ఉన్నచో మర్దన చేయరాదు. రక్తనాళంలో గడ్డ కట్టి ఉండవచ్చును గనుక వెంటనే వైద్యునికి చూపాలి.

నడుము నొప్పితో పాటు మలమూత్రాలపై అదుపు తప్పినా, రెండు కాళ్లలో బలహీనత పెరుగుతున్నా, రాత్రివేళ జ్వరం, బరువు తగ్గటం ఉన్నా అది వ్యాయామంతో నయమయ్యేది కాదు. వెన్నెముక క్షయ వంటి వ్యాధి కావచ్చు. అటువంటి రోగిని గుర్తించి ఆ రోజే వైద్యుని వద్దకు పంపటం విద్యార్థి నేర్వవలసిన తొలి నైపుణ్యాలలో ఒకటి. అదే విధంగా నాటు కట్టు కట్టించుకొని వచ్చిన రోగిని చిన్నచూపు చూడరాదు. పుత్తూరు కట్టు పేరు తెలియని ఇల్లు రాయలసీమలో అరుదు. కించపరచినచో ఆ రోగి మరల రాడు. ఎముక అతికిన తీరును వైద్యుని చేత నిర్ధారింపజేసి, ఆ పైన కీలు కదలిక కొరకు చేయవలసినది చెప్పటమే ఉచితం.

అప్పగింత: అన్నిటికంటె ముఖ్యమైన నియమం

విద్యార్థి ఒక విభాగంలో ఉండేది కొద్ది వారాలు. పక్షవాత రోగి కోలుకోవటానికి పట్టేది నెలలు. ఈ రెండు కాలాలకు పొంతన లేదు. విద్యార్థి మరొక విభాగానికి మారిన రోజున రోగి చికిత్స మధ్యలో ఉంటాడు. కొత్త విద్యార్థి వచ్చి మొదటి నుండి ప్రశ్నలడిగి, వేరొక వ్యాయామం మొదలుపెట్టినచో రోగికి విసుగు కలుగుతుంది. రెండు, మూడు మార్లు అట్లు జరిగినచో అతడు రావటం మానుకుంటాడు. చేతి వ్రేళ్లు ముడుచుకొని, మడమ బిగుసుకొని, కోలుకోగలిగిన మనిషి మంచానికే పరిమితమయ్యే ప్రమాదం ఇక్కడనే ఉన్నది.

పశ్చిమ కర్నూలు ప్రాంతంలో దీనికి మరొక కారణం తోడవుతుంది. వర్షాధార సేద్యంపై ఆధారపడిన ఈ మండలాల నుండి పంటలు లేని కాలంలో ఎన్నో కుటుంబాలు గుంటూరు ప్రాంతానికి మిరప కోతలకు, ఇతర ప్రాంతాలకు పత్తి తీతకు వలస వెళతాయి. ఇంటిల్లిపాదీ వెళ్లునప్పుడు చికిత్సలో ఉన్న బిడ్డ కూడా వెంట వెళుతుంది. లేదా పక్షవాతం వచ్చిన తండ్రిని ఇంటి వద్ద వృద్ధురాలైన తల్లికి అప్పగించి వెళతారు. కొన్ని నెలల పాటు వ్యాయామం ఆగినచో అంతకు ముందు సాధించిన మెరుగుదల చాల వరకు పోతుంది. అందుచేత "ఎప్పుడు మరల వస్తారు" అనే ప్రశ్నతో పాటు "ఎప్పుడు ఊరు విడిచి వెళతారు, ఎవరు వెంట ఉంటారు" అనే ప్రశ్న మొదటి రోజుననే అడగటం ఈ ప్రాంతంలో అవసరం.

సక్రమమైన అప్పగింతలో నాలుగు అంశాలు ఉండాలి. మొదటిది, రోగి మొదటి రోజు ఏమి చేయగలిగినదీ, నేడు ఏమి చేయగలుగుతున్నదీ కొలతలతో వ్రాసి ఉంచటం. "మెరుగు" అని వ్రాయుటకు బదులు "గోడ ఆసరాతో పది అడుగులు నడిచినారు" అని వ్రాయాలి. రెండవది, తరువాత వచ్చే విద్యార్థిని రోగి ఎదుట పరిచయం చేసి, ఒక పూట కలిసి చికిత్స చేయటం. మూడవది, ఇంటిలో ఒకరికి వ్యాయామాలు నేర్పి, వారి చేత చేయించి చూడటం. నోటితో చెప్పినది నేర్పినట్లు కాదు. ఆ తల్లి గాని, కుమారుడు గాని తన చేతులతో తప్పు లేకుండా చేసి చూపిన రోజుననే నేర్పినట్లు. నాలుగవది, ఇంటిలో ఉన్న వస్తువులతోనే చేయదగిన మూడు, నాలుగు వ్యాయామాలను బొమ్మలతో ఒక కాగితంపై ఇవ్వటం. తువ్వాలు, గోడ, నులక మంచం పట్టె, ఇటుక, గడప ఇవి ప్రతి ఇంటిలో ఉంటాయి. చదువు రాని వారికి బొమ్మ ఉపకరిస్తుంది. వలస వెళ్లిన చోట మరొక ఫిజియోథెరపిస్టుకు చూపటానికి కూడా ఆ కాగితమే ఆధారం.

ప్రత్యేక అవసరాలు గల పిల్లల విషయంలో మండల స్థాయిలోని భవిత కేంద్రాలలో ఫిజియోథెరపీ సేవలు అందుతున్నాయి. అటువంటి చిన్నారి ఆసుపత్రికి వచ్చినప్పుడు కుటుంబానికి సమీప కేంద్రం వివరాలు తెలిపి పంపటం కూడా అప్పగింతలో భాగమే. అర్హులైన వారికి సదరం శిబిరం ద్వారా వైకల్య ధృవీకరణ పత్రం పొందే మార్గం తెలియజేయాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించినదనే విషయం పలు కుటుంబాలకు నేటికీ తెలియదు.

శిక్షకులు, సంస్థల బాధ్యత

నియమాలు విద్యార్థికి మాత్రమే గాక, శిక్షణ ఇచ్చేవారికీ ఉన్నాయి. విద్యార్థి మొదట చూడాలి, ఆ తరువాత శిక్షకునితో కలిసి చేయాలి, ఆ పైన శిక్షకుడు చూస్తుండగా స్వయంగా చేయాలి. ఈ క్రమం తప్పించి, సిబ్బంది కొరతను పూడ్చటానికి విద్యార్థిని ఒంటరిగా రోగుల వద్ద నిలబెట్టటం శిక్షణ అనిపించుకోదు. తనకు రాని చికిత్సను "నాకు ఇంకా రాదు" అని నిరాకరించే హక్కు విద్యార్థికి ఉన్నది. ఆ మాట చెప్పినందుకు మార్కులు తగ్గించరాదు.

దూర ప్రాంతం నుండి వచ్చే విద్యార్థులకు, ముఖ్యంగా విద్యార్థినులకు సురక్షితమైన వసతి, రాకపోకల ఏర్పాటు కళాశాల ముందుగా చూడాలి. హెపటైటిస్ బి టీకా శిక్షణకు ముందే పూర్తి కావాలి. ర్యాగింగ్ నిషేధంపై 1997 నాటి రాష్ట్ర చట్టం, పని ప్రదేశాలలో మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం ఉన్నాయి. ఫిర్యాదు ఎవరికి చేయాలో విద్యార్థికి మొదటి రోజుననే తెలియజేయాలి.

మూల్యాంకనం విషయంలో హాజరు, లాగ్ బుక్ పుటలు లెక్కించటంతో సరిపెట్టరాదు. విద్యార్థి వదలి వెళ్లిన రోగులలో ఎందరు తరువాతి వారం తిరిగి వచ్చినారు, ఎందరి ఇంటివారు వ్యాయామం సరిగా చేయించగలుగుతున్నారు అనే విషయాలను శిక్షకుడు పరిశీలించినచో ఆ విద్యార్థి పనితనం స్పష్టంగా తెలుస్తుంది.

రోగులు, కుటుంబ సభ్యులకు విజ్ఞప్తి

మీ వద్దకు వచ్చిన వారు విద్యార్థులా, పట్టభద్రులా అని అడిగి తెలుసుకోవచ్చును. విద్యార్థి చేత చికిత్స వద్దని చెప్పే స్వేచ్ఛ మీకు ఉన్నది. అట్లు చెప్పినందువలన మీకు అందవలసిన వైద్యానికి లోటు రాకూడదు. అదే సమయంలో, శిక్షకుని పర్యవేక్షణలో ఉన్న విద్యార్థి మీ కొరకు ఎక్కువ సమయం వెచ్చించగలుగుతాడనే విషయాన్ని కూడా గమనించండి. కాపడం పెట్టినప్పుడు వేడి ఎక్కువైనచో ఓర్చుకోక వెంటనే చెప్పండి. మధుమేహం, గుండె జబ్బు, గర్భం, పూర్వం జరిగిన శస్త్రచికిత్సల వివరాలు దాచకండి. పనుల కొరకు ఊరు విడిచి వెళ్లవలసి ఉన్నచో కనీసం ఒక వారం ముందుగా తెలపండి. ఆ వారంలో ఇంటి వ్యాయామాలు నేర్చుకొని వెళ్లవచ్చును. విద్యార్థి మారినప్పుడు వ్యాయామాల కాగితం అడిగి తీసుకోండి, తిరిగి వచ్చునప్పుడు దానిని వెంట తెచ్చుకోండి.

క్లినికల్ శిక్షణ ద్వారా విద్యార్థి పట్టాకు అర్హత పొందుతాడు. అదే కాలంలో మగ్గం గుంటలోకి తిరిగి దిగగలనా, మార్కెట్ యార్డుకు తిరిగి వెళ్లగలనా అని ఒక రోగి ఎదురుచూస్తుంటాడు. శిక్షణ గడువు ముగిసే రోజున విద్యార్థి లాగ్ బుక్‌పై సంతకం పడటంతో పాటు, ఆ రోగి చేతిలో వ్యాయామాల కాగితం, అతని ఇంటివారిలో ఒకరికి ఆ వ్యాయామాలు చేయించే నేర్పు, తరువాతి విద్యార్థికి రోగి పూర్తి వివరాలు ఉన్నప్పుడే శిక్షణ పూర్తయినట్లు భావించాలి.